తాబేలు గ్యారంటీ

ఆ దీవిలో అతన్ని సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నీళ్ళలో మునగడంలో మొనగాడు కాబట్టి చిన్నప్పుడే ఎవరో మునగాడన్నారు, అదే అతుక్కుపోయింది. పెళ్ళి కార్డు మీద అసలు పేరు వేయిస్తే పక్కింటివాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదెవరి పెళ్ళి?" అని అతన్నే అడిగారు.

ఊపిరి బిగబట్టడం అతనికి తండ్రి నేర్పాడు. ఆయన సముద్రం అడుగున శంఖాలు, గవ్వలు ఏరి అమ్ముకునేవాడు. తనకున్న రెండు చేతులూ చాలక కొడుకువి కూడా కలుపుకుందామనుకున్నాడు. నడుము లోతు నీళ్ళలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, భుజం మీద కాలు పెట్టి తొక్కి, పైన నిలబడి ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెట్టేవాడు. తొంభై దాకా వచ్చాక దారిన పోయేవాళ్ళెవరితోనో మాట కలిపి, "ఎక్కడిదాకా వచ్చాను? సరేలే, డెబ్భై నుంచి చూద్దాం" అని మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ చదువుతో మునగాడు పదహారేళ్ళకే నీళ్ళ కింద మూడు నిమిషాలు ఉండగలిగాడు. కానీ తండ్రి పోయేనాటికి పగడపు దిబ్బల మీద శంఖాలు కూడా అయిపోయాయి. తీరం పొడుగునా హోటళ్ళు లేచాయి. శంఖాలకి బదులు మనుషులు రావడం మొదలుపెట్టారు.

అతని భార్యకి ఒక అన్న ఉన్నాడు. అద్దం పడవకి ఓనరు. పడవ అడుగున భోజనాల బల్లంత అద్దం బిగించి ఉంటుంది. చుట్టూ బెంచీల మీద కూర్చుని తలలు వంచితే కింద పగడపు దిబ్బ, చేపలు కనపడతాయి. మునగాడు అందులో పనికి చేరాడు. లంగరు వేయడం, తీయడం, ఎక్కే దిగేవాళ్ళకి చెయ్యందించడం, మధ్యలో నీళ్ళలోకి దూకి నక్షత్రపు చేపనో దేన్నో తెచ్చి చూపించడం అతని పని. ఇంట్లో ఇద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. పడవ ఎక్కగానే ఓనరు నోట బావ పోయి ఒరేయ్ వచ్చేది. మునగాడికి అందులో తప్పేమీ కనపడలేదు.

వచ్చినవాళ్ళని మెప్పించడం మాత్రం కష్టమైపోయింది. ఓడ దిగే చోట గోడంత బొమ్మ ఒకటి వేలాడదీశారు. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, మధ్యలో ఇటు తిరిగి నవ్వుతున్నట్టుండే పెద్ద తాబేలు. ఆ ఫోటో ఏ సముద్రంలో తీశారో ఎవరికీ తెలీదు. ఈ దీవి ఒడ్డుకి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చేవన్న మాట నిజమే గానీ, హోటళ్ళ దీపాలు వచ్చాక అవి రావడం మానేశాయి. జనం పడవెక్కి అద్దంలోకి ఐదు నిమిషాలు చూసి, తల ఎత్తి అడిగేవాళ్ళు.

"తాబేలెక్కడయ్యా?"

"ఇవాళ గాలి ఎక్కువండీ, లోపలికెళ్ళిపోయాయి," అనేవాడు ఓనరు.

"నిన్న మావాళ్ళకీ ఇదే చెప్పావట. నీళ్ళూ ఫోటోలో ఉన్నంత నీలంగా లేవు. పెళ్ళిచూపుల్లో చెల్లెల్ని చూపించి, పీటల మీద అక్కని కూర్చోబెట్టినట్టుంది మీ యవ్వారం."

పడవంతా నవ్వేది. ఓనరు కూడా పళ్ళికిలించేవాడు. రేవుకి తిరిగొచ్చాక ఆ నవ్విన పళ్ళే పటపటా కొరికి, లంగరు సరిగ్గా వేయలేదని మునగాడి మీద పడేవాడు.

ఒకరోజు పొద్దున్నే దిబ్బకి అవతలి పక్క చిరిగిన వల ఒకటి చిక్కుకుని ఉంటే, కోసి తీసేద్దామని మునగాడు దిగాడు. వలలో తాబేలుంది. ఆడది, రెండు బారల చుట్టుకొలత ఉంటుంది. ఎడమ ముందు రెక్కని వలతాడు ఎముకదాకా కోసేసింది. ఇంకా బతికే ఉంది. పైకీ కిందకీ పదిసార్లు మునిగి లేచి, వల మొత్తం ముక్కలుగా కోసి, దాన్ని పడవ పక్కకి చేర్చాడు. దూరంగా, లోతులోకి తీసుకెళ్ళి వదిలేద్దామని అతని ఉద్దేశం.

ఓనరు వంగి దానివంక చాలాసేపు చూశాడు. "ఎక్కడ వదుల్తావు బావా? ఆ రెక్కతో ఈదగలదా? సొరచేప నోట్లో పెట్టినట్టే. నయమయ్యేదాకా మన దిబ్బ దగ్గరే ఉంచుదాం. పుణ్యం కూడా."

పుణ్యం అన్న మాట మునగాడికి నచ్చింది. ఓనరు ఇంటికెళ్ళి వడ్రంగి బరమా తెచ్చాడు. డిప్పకి వెనక అంచున బెజ్జం వేసి నైలాన్ తాడు కడితే చాలన్నాడు. "అది గోరులాంటిదే, నొప్పి తెలీదు." బరమా తిప్పింది మునగాడే. సగం దాకా దిగేసరికి తాబేలు మనిషి నిట్టూర్చినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. కళ్ళలోంచి చిక్కటి నీళ్ళు కారాయి.

"అది ఏడుపు కాదులే, వాటికి ఎప్పుడూ కారతాయి. ఒంట్లో ఉప్పు బయటికి పోవాలిగా," అన్నాడు ఓనరు.

ఆ సంగతి మునగాడికీ తెలుసు. అయినా మొహం పక్కకి తిప్పుకుని మిగతా సగం తిప్పాడు.

రెండు నెలల్లో రెక్క మానింది, కొంచెం వంకరగా. వదిలే మాట ఓనరు ఎత్తలేదు, మునగాడూ ఎత్తలేదు. అప్పటికే రేవులో బోర్డు లేచింది: తాబేలు గ్యారంటీ.

పని తేలికే. తాడు రెండో కొస దిబ్బకి కట్టి ఉంటుంది. అది నాలుగు నిలువుల పొడుగు కాబట్టి తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, దాటి పోలేదు. జనం వచ్చే ముందు మునగాడు దిగి, తాడుని దిబ్బ కొమ్ముకి నాలుగు చుట్లు చుట్టి బిగించేవాడు. అప్పుడది సరిగ్గా అద్దం ఆగే చోట, దాని కిందే ఉండేది. పడవ వెళ్ళిపోగానే చుట్లు విప్పేవాడు. దానికి ఎంతసేపు ఊపిరి ఆగుతుందో, ఎప్పుడు పైకి రావాలో తన ఊపిరి సంగతంత కచ్చితంగా అతనికి తెలిసిపోయింది. కొన్నాళ్ళకి, అతను నీళ్ళలోకి దిగడం కనపడగానే అది రాతి సందులోకి తల దూర్చేసేది. మునగాడు ఇంటికెళ్ళి మురిసిపోతూ చెప్పాడు.

"నన్ను గుర్తుపడుతోందే అది."

"జైలు జవాన్ని ఖైదీ గుర్తుపట్టడూ మరి," అంది భార్య.

ఆమె పెద్ద హోటల్లో బట్టలుతికే విభాగంలో పని చేసేది. తెల్లబరిచే మందు పడీ పడీ ఆమె వేళ్ళు పాలిపోయి, ముడతలు దేరి ఉండేవి. నోరు మాత్రం ఏ మందూ తెల్లబరచనిది. "మా అన్నయ్య సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు పిచ్చుక కాలికి దారం కట్టి ఎగరేసేవాడు. అది కాస్తా ఎగరడం మానేస్తే, నువ్వు ముట్టుకున్నావు, అందుకే ఇలా అయిందని నన్ను కొట్టేవాడు. నువ్వా తాబేల్ని వదిలెయ్. అన్నయ్య అడిగితే తాడు తెగిందని చెప్పు."

మునగాడు నవ్వేశాడు. అతనికి వదలాలని లేదు. పడవలో జనం "అబ్బ!" అని ఒక్కసారిగా అనడం, దిగేటప్పుడు అతని చెయ్యి పట్టుకుని "నీ చలవ వల్ల చూశామయ్యా" అనడం అతనికి బాగుండేది. ఇంతకుముందు ఎవరూ అతనితో అలా అనలేదు. రెండేళ్ళు అలా గడిచాయి.

ఆ ఏడాది సెలవుల వారం దీవి పట్టలేనంత మంది దిగారు. ఓనరు ఇంకో అద్దం పడవ అద్దెకి తెచ్చి, దాన్ని నడపడానికి ఒక ముసలి సరంగుని పెట్టాడు. ఒక పడవ వెళ్ళేలోపు ఇంకో పడవ వచ్చేస్తోంది. తాడు వదులు చేసినప్పుడల్లా తాబేలు గాలి కోసం పైకొచ్చి, పడవ వెనక తేలుతోంది.

"తాడు బిగించే ఉంచు," అన్నాడు ఓనరు. "జనం అద్దంలోంచి చూడ్డానికొచ్చారు గానీ మెడలు తిప్పుకుని వెనక్కి చూడ్డానికి రాలేదు."

"ఊపిరి తీసుకోవాలి బావా దానికి."

"ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య వదులు. కాదన్నానా?"

"మధ్యన్నది ఎక్కడుంది?"

"నువ్వు చూసుకోవాలిరా అది," అన్నాడు ఓనరు. అప్పటికే జనం ఎక్కేస్తున్నారు.

మొదటి రెండు రోజులూ మునగాడు రెండు పడవల సందులోంచి దూకీ, ఎక్కీ ఎలాగో నెట్టుకొచ్చాడు. మూడో రోజు మధ్యాహ్నం తాడు బిగించి పైకొచ్చి, విప్పడానికి మళ్ళీ దిగబోతుంటే రేవు నుంచి ఓనరు కేకేశాడు. హోటల్ మేనేజరుకి కావలసినావిడ ఎవరో పడవ ఎక్కుతూ చెప్పు జారవిడిచింది. ముందది వెతకమన్నాడు. రేవు కింద నీళ్ళు బురద బురదగా ఉన్నాయి. మునగాడు చేతులతో తడుముతూ వెతికి, చెప్పు దొరికించుకుని పైకి తెచ్చాడు. ఆవిడ సంతోషించి, "జుట్టు పిన్ను కూడా పడిందనుకుంటా, కాస్త చూస్తారా?" అంది. అతను దిబ్బవైపు చూశాడు. ఓనరు అతని వైపు చూశాడు. మునగాడు మళ్ళీ దిగి పిన్ను కోసం వెతికాడు. అది ఆవిడ సంచిలోనే ఉందట, తరువాత దొరికింది.

అతను దిబ్బ దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళేసరికి తాబేలు నీళ్ళలో నిట్టనిలువుగా నిలబడి ఉంది. వెనక తాడు కర్రలా బిగుసుకుని ఉంది. మెడ చాపగలిగినంతా పైకి చాపింది. రెక్కలు రెండూ విప్పుకుని ఉన్నాయి, నోరు తెరుచుకుని ఉంది. మూతికీ పైన అద్దానికీ మధ్య ఒక మూర కంటే ఎక్కువ లేదు. పైన ముసలి సరంగు పడవ ఆగి ఉంది. అద్దానికి మొహాలు ఆనించి జనం చప్పట్లు కొడుతున్నారు. ఎవరో అమ్మాయి గొంతు వినిపించింది: "చూడండి, చూడండి, మనవైపే చూస్తోంది!"

చుట్లు వేసింది తనే. మునగాడు కిందికెళ్ళి వాటిని విప్పాడు. తాబేలు మెల్లగా వాలిపోయి ఇసుకలోకి జారింది.

ఆ సాయంత్రం అతను కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే ఓనరు వచ్చాడు. రేపు ఏదో పెద్ద కంపెనీ వాళ్ళు వస్తున్నారు, హోటల్ మేనేజరు ముందే చెప్పి పెట్టాడు, తాబేలు లేదంటే బోర్డు పీకేయిస్తాడు. చచ్చిన తాబేల్ని చేపల గదిలో ఐసు మీద పెట్టించానని చెప్పాడు.

"నువ్వు మూడు నిమిషాలు ఉంటావు బావా. మనం పడవ ఆపేది రెండు నిమిషాలే. దిబ్బ చూరు కింద వెల్లకిలా పడుకుని పుల్లలతో రెక్కలు ఆడించావనుకో, దేవుడు కూడా కనిపెట్టలేడు."

భార్య గిన్నె కింద పెట్టి లేచి నిలబడింది.

"చచ్చినదాన్ని పట్టుకుని ఆడించాలా మా ఆయన?"

"రెండ్రోజులే చెల్లీ. ఇంకోటి దొరికేదాకా."

"దొరికేదాకా ఈయన్ని కడతావన్నమాట తాడుతో."

"నేను కట్టడమేంటి, బావని అడుగు. చేస్తావా, చెయ్యవా?"

మునగాడు చేస్తానన్నాడు. భయపడి అన్నాడని భార్య అనుకుంది. భయం ఉన్నమాట నిజమే గానీ అదొక్కటే కాదు. ఈ దీవి మొత్తం మీద ఆ పని చేయగలిగినవాడు తనొక్కడే అన్న ఊహ అతనికి లోలోపల బాగుంది. ఆ మాట అతను చాలా ఏళ్ళ తరువాత భార్యకి చెప్పాడు, ఆమె విని లేచి బయటికెళ్ళిపోయింది.

నల్ల చొక్కా వేసుకుని, నడుముకి సీసపు ముద్దలు కట్టుకుని, మునగాడు దిబ్బకి చూరులా పొడుచుకొచ్చిన రాతి కిందికి దూరేవాడు. తాబేలు ముందు రెక్కలకి వెదురు పుల్లలు కట్టారు. పడవ నీడ పైకి రాగానే పుల్లలు పైకీ కిందకీ కదిపేవాడు. మొదటిసారి పడవలో జనం ఎంత సంబరపడ్డారంటే, వాళ్ళ పాదాలు అడుగు చెక్కల మీద టకటకలాడటం కింద అతనికి వినిపించింది. రోజుకి ఎనిమిది ట్రిప్పులు. రెండ్రోజులు మూడయ్యాయి, మూడు ఐదయ్యాయి. కొత్త తాబేలు దొరకలేదు. వెతకడం చేతనైనవాడు ఒక్కడే, వాడు చూరు కింద ఉన్నాడు. అతనికి జలుబు చేసి చెవులు దిబ్బడలు వేశాయి. మునిగినప్పుడల్లా చెవుల్లో మేకులు దిగ్గొట్టినట్టుండేది. తాబేలు ఉబ్బడం మొదలుపెట్టింది. చిన్న చేపలు గుంపుగా చేరి దాన్ని పీక్కు తింటుంటే పైన పెద్దవాళ్ళు పిల్లలకి చూపించారు: "చూశావా, చేపలన్నీ దానికి ముద్దులు పెడుతున్నాయి!"

ఐదో రోజు పడవలో ఒక పెద్దావిడ ఎక్కింది. రిటైరైన టీచరు. ఒంటరిగా వచ్చింది. పాఠంలో తాబేలు బొమ్మ చూపించి ముప్పైయేళ్ళు పిల్లలకి చెప్పిందట గానీ ఎన్నడూ కళ్ళారా చూడలేదట. ఎక్కిన దగ్గర్నుంచీ ఆ మాటే పక్కవాళ్ళతో చెబుతూ వచ్చింది. పడవ ఆగగానే అద్దం మీదికి అందరికంటే ముందు వంగింది. కాసేపటికి తల ఎత్తింది.

"దీనికి కన్ను లేదు," అంది.

ఎవరూ అద్దం మీదనుంచి తల ఎత్తలేదు.

"ఏమండీ, దీనికి కన్ను లేదు. చేపలు తినేశాయి. ఇది చచ్చిపోయింది."

"నిద్రపోతోందండీ," అన్నాడు ఓనరు.

"నిద్రలో రెక్కలాడిస్తుందా?"

"మావారు నిద్రలో కాళ్ళాడిస్తారు," అంది ఒకావిడ. పడవంతా గొల్లుమంది.

"టీచరుగారూ, ఇది క్లాసు కాదండీ, తప్పులు దిద్దడానికి," అన్నాడు ఇంకొకాయన. "డబ్బిచ్చి వచ్చాం, మమ్మల్ని చూడనివ్వండి."

టీచరమ్మ మళ్ళీ వంగి చూసింది. ఈసారి ఆమె గొంతు పెద్దదైంది. "కింద మనిషున్నాడు! అదిగో పాదం! ఎవరో మనిషున్నాడక్కడ!"

ఆ మాటతో ఓనరు ఇంజను వేసి వెళ్ళిపోయి ఉంటే సరిపోయేది. కానీ అప్పుడు వెళ్ళిపోతే అనుమానం నిలిచిపోతుందనుకున్నాడు. ఇంజను మీదినుంచి చెయ్యి తీసేసి, నవ్వుతూ బెంచీ మీద కూర్చున్నాడు. "అందరూ నింపాదిగా చూడండి. తొందరేం లేదు. మనిషి కనపడితే నాకూ చూపించండి." జనం చూశారు. పాదం అప్పటికే చూరు లోపలికి ముడుచుకుంది. రెండు నిమిషాలు దాటాయి. మూడు దాటాయి. పుల్లలు ఇంకా పైకీ కిందకీ కదులుతూనే ఉన్నాయి. "ఎక్కడండీ మనిషి?" అన్నారెవరో. టీచరమ్మ ఏడుస్తూ అద్దం మీద అరచేతులతో కొట్టింది. అద్దం పగిలితే అందరం మునుగుతామని పక్కవాళ్ళు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

తరువాత రెక్కలు ఆగిపోయాయి. "ఇప్పుడు నిజంగా నిద్రపోయింది," అని ఒకాయన జోకేశాడు. ఓనరు చప్పున ఇంజను వేశాడు.

వెనక వస్తున్న ముసలి సరంగు కొక్కెంకర్రతో మునగాడి చొక్కా పట్టుకుని పైకి లాగాడు. ముక్కులోంచీ, కుడి చెవిలోంచీ రక్తం కారుతోంది. బోర్లా పడుకోబెట్టి వీపు మీద గుద్దితే చాలాసేపటికి దగ్గాడు. మనిషి దక్కాడు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి వినికిడి సగమే మిగిలింది. లేచి నిలబడితే నేల పడవలా ఊగేది, గోడ పట్టుకోకుండా పది అడుగులు వేయలేకపోయాడు. డాక్టరు చీటీ రాసిచ్చి, స్నానానికి తప్ప నీళ్ళ జోలికి వెళ్ళొద్దన్నాడు. టీచరమ్మ హోటల్ కౌంటరు దగ్గర ఫిర్యాదు చేసింది. వాళ్ళు ఎంతో మర్యాదగా విని, పండ్ల బుట్ట ఒకటి గదికి పంపించారు. ఆమె దాన్ని అక్కడే వదిలేసి మరునాటి ఓడకి వెళ్ళిపోయింది.

భార్య ఉతుకుతున్న తువ్వాలు చేతిలో ఉండగానే రేవుకి వెళ్ళింది. అన్న తాళ్ళు చుట్టుకుంటున్నాడు.

"ఆయనకి చెవి పోయింది," అంది.

"ఇంకోటుందిగా చెల్లీ," అన్నాడతను. వెటకారం కాదు, ఊరడించడానికే అన్నాడు.

ఆమె చేతిలో ఉన్న తడి తువ్వాలుతో అతని మొహం మీద ఛెళ్ళున కొట్టింది. జనం చూస్తున్నారని అతను నవ్వాడు. ఆమె మళ్ళీ కొట్టింది. తరువాత తన పని గంటలు గుర్తొచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ఓనరు రబ్బరు తాబేలు తెప్పించాడు. లోపల చిన్న మోటారుంటుంది. రెండు రెక్కలూ సమానంగా, ఆగకుండా ఆడిస్తుంది. పాత తాబేల్ని అంతకుముందు చూసినవాళ్ళు కూడా ఇదే బాగుందన్నారు. పాతది కుంటుతూ ఈదేదట. ఇక మునగాణ్ణి ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. చెల్లెలి మొగుణ్ణి వీధిలో వదిలేశాడన్న మాట పడకూడదని ఓనరు అతనికి తెల్ల టోపీ పెట్టి రేవులో నిలబెట్టాడు, ఎక్కేవాళ్ళకి చెయ్యందించమని. నేల ఊగే మనిషి ఎవరికి చెయ్యందిస్తాడు? వాళ్ళే అతన్ని పట్టుకోవలసి వచ్చేది. "పొద్దున్నే బాగా పట్టించాడు," అని నవ్వుకుంటూ దాటిపోయేవాళ్ళు. అతనికి కొంత వినపడేది, కొంత పెదవుల్ని బట్టి అర్థమయ్యేది.

ఒకరోజు చంకలో పాపనెత్తుకున్న తల్లి ఒకామె అతని ఎడమ చెవి దగ్గరికి వంగి అడిగింది. "తాబేలు కచ్చితంగా కనపడుతుందా అన్నా? పాప దాని కోసమే అన్నం తినకుండా కూర్చుంది."

చెవిటివాళ్ళు మాట్లాడినంత పెద్దగా మునగాడు చెప్పాడు. "తాబేలు లేదమ్మా! అది రబ్బరుది! అసలుదాన్ని నేను చంపేశాను! మూతి పైకి రాకుండా తాడు బిగించి నా చేత్తో చంపేశాను!"

పడవెక్కుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగి వెనక్కి తిరిగారు. ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతలో వెనకనుంచి ఎవరో ఫక్కున నవ్వారు. ఆ తరువాత అందరూ నవ్వారు. "ఇంకోసారి చెప్పు బాబాయ్," అంటూ ఒకాయన ఫోను తీశాడు. మునగాడు అర్థంకాక, వీళ్ళకి సరిగ్గా వినపడలేదేమోనని ఇంకా గట్టిగా చెప్పాడు. బరమా సంగతి చెప్పాడు, బెజ్జం సంగతి చెప్పాడు, చూరు కింద పుల్లల సంగతి చెప్పాడు. చెప్పినకొద్దీ నవ్వు పెరిగింది. ఓనరు ఊపిరి పీల్చుకుని, "మావాడు ఇలాగే భయపెడుతుంటాడండీ, రండి రండి," అన్నాడు.

ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. వారం తిరిగేసరికి ఓడ దిగినవాళ్ళు తాబేలు కంటే ముందు అతన్ని అడగడం మొదలుపెట్టారు. ఓనరు స్టూలు వేయించాడు, పైన గొడుగు కట్టించాడు. జనం వరసగా నిలబడి, ఒక్కొక్కరే అతని చెవిలో "తాబేలుందా?" అని అరిచి, ఫోను పట్టుకుని ఎదురుచూసేవాళ్ళు. మొదట్లో అతను నిజంగానే చెప్పేవాడు, ఒక్కడైనా నమ్ముతాడేమోనని ఒక్కొక్కరి కళ్ళలోకి చూసి మరీ చెప్పేవాడు. ఒకసారి చెబుతూ చెబుతూ ఏడ్చాడు. "ఎంత బాగా చేస్తున్నాడో!" అన్నారు. భార్య ఒక మధ్యాహ్నం వచ్చి వాళ్ళ ముందు నిలబడింది.

"ఆయన చెప్పేది నిజమే. ఆ తాబేల్ని నేను చూశాను. ఆయన చెవిలోంచి రక్తం నేనే తుడిచాను."

"ఓ, మీరు భార్య వేషమా?" అంది ఒకమ్మాయి, ఫోను ఆమె వైపు తిప్పుతూ.

ఆ తరువాత మునగాడు మాట్లాడటం మానేశాడు. స్టూలు మీద కూర్చుని మోకాళ్ళ వంక చూసుకునేవాడు. జనం అరిచి అరిచి విసుక్కున్నారు. "ఇంత దూరం వచ్చింది ఇందుకా? వీడియోలో అంత చెప్పాడు, ఇక్కడేమో మొద్దులా కూర్చున్నాడు," అని హోటల్ పుస్తకంలో రాశారు. ఓనరు వెనకనుంచి నడుములో పొడిచాడు. "చెప్పరా, ఒక్కసారి చెప్పు, ఏం పోయింది?" అని బతిమాలాడు. నాలుగు రోజులు చూసి, ముసలి సరంగుని ఆ స్టూలు మీద కూర్చోబెట్టాడు. సరంగుకి మాటలన్నీ వచ్చేశాయి. చివర్లో కన్నీళ్ళు కూడా తెప్పించుకుంటాడు. వచ్చినవాళ్ళకి అతనే బాగా నచ్చాడు.

భార్య మునగాణ్ణి తన దగ్గరికి తెచ్చుకుంది. హోటల్లో ఉతికిన బట్టల గదిలో, కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టే పని ఇప్పించింది. ఆ గదిలో ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు ఆరుగురున్నారు. అతనికి వినపడదని అతని ఎదురుగానే అతని గురించి మాట్లాడుకుంటారు. నడక చూపించి నవ్వుకుంటారు. తాబేల్ని చంపిన మాట నిజమేనా, ఆ చేతులు తాకిన తువ్వాలుతో మొహం తుడుచుకోవచ్చా అని వాదించుకుంటారు. అతను అంచుకి అంచు కలిపి మడతపెట్టి, దొంతర మీద పెట్టి, ఇంకోటి అందుకుంటాడు. ఎడమ చెవికి సగం వినపడుతుందన్న సంగతి వాళ్ళకి చెప్పలేదు. భార్యకి తెలుసు. ఆమె కూడా చెప్పలేదు.